స్కాన్‌లో కనబడిందే కారణమా?

క్లోమానికి తీసిన ఎమ్మారై రిపోర్టుల్లో కొన్నిసార్లు చివర ఒక మాట కనిపిస్తుంది: ప్యాంక్రియాస్ డివైజమ్. క్లోమంలోని రెండు నాళాలు పుట్టుకతోనే కలవకుండా విడివిడిగా ఉండిపోయాయని దాని అర్థం. కారణం తెలియని కడుపునొప్పితో ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనిషికి ఆ ఒక్క మాట ఎంత ఊరటనిస్తుందో నాకు తెలుసు. మా చెల్లెలి రిపోర్టులో అది చూసినప్పుడు ఇంట్లో అందరి గుండెల మీంచీ బరువు దిగింది. "ఏమీ లేదమ్మా, గ్యాస్" అని పంపించేసిన వాళ్లకూ, "నిజం చెప్పు, తాగే అలవాటు ఉందా?" అని గుచ్చి గుచ్చి అడిగిన వాళ్లకూ చూపించడానికి మాకొక కాగితం దొరికింది.

ఆ ఊరటను నేను తక్కువ చేయను. కానీ దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "కారణం దొరికింది కదా, క్లోమ రసం పేగులోకి చేరే ఆ చిన్న ద్వారాన్ని కోసి వెడల్పు చేసేద్దాం." నా పేచీ అక్కడే. పుట్టుకతో వచ్చిన తేడా ఒకటి కనబడటం వేరు, జబ్బుకు అదే కారణం కావడం వేరు. మొదటిది స్కాన్ చెబుతుంది. రెండోది తేల్చడానికి స్కాన్ చాలదు. ఆ తేల్చే పని పూర్తి చేయకుండా రోగిని ఎండోస్కోపీ బల్ల మీదికి ఎక్కించడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే కొన్ని పుట్టుక లోపాల విషయంలో ఆలస్యం చేయడమే పెద్ద తప్పు. అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ గందరగోళమంతా.

ముందు క్లోమం ఎలా తయారవుతుందో చూద్దాం. అది తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. క్లోమం ఒకే ముక్కగా పుట్టదు. పిండానికి నాలుగైదు వారాల వయసున్నప్పుడు పేగు గోడ నుంచి రెండు మొగ్గలు మొలుస్తాయి. వెనకవైపు మొలిచేది పెద్దది. క్లోమం తోక, మధ్యభాగం, తలలో పైభాగం దాని నుంచే వస్తాయి. ముందువైపు మొలిచేది చిన్నది, పిత్తనాళాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పేగు మెలి తిరిగేటప్పుడు ఈ చిన్న మొగ్గ కూడా పిత్తనాళంతో పాటు చిన్నపేగు మొదటి భాగం చుట్టూ తిరిగి వెళ్లి, పెద్ద మొగ్గ కింద చేరుతుంది. ఏడో వారం అటూ ఇటూగా రెండూ అతుక్కుంటాయి. ఆ తర్వాత వాటి లోపలి నాళాలు కూడా కలిసి ఒకే పెద్ద నాళంగా మారతాయి. ఇటలీలోని పడువా నగరంలో 1642లో విర్సుంగ్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు గుర్తించింది ఈ ప్రధాన నాళాన్నే. అందుకే దానికి ఇప్పటికీ ఆయన పేరే. దాని కొస పిత్తనాళంతో పాటు పెద్ద ద్వారం గుండా పేగులోకి తెరుచుకుంటుంది. వెనక మొగ్గకు మొదట ఉండే దారిని సాంటోరినీ నాళం అంటారు. అది కాస్త పైన ఉన్న చిన్న ద్వారం దగ్గర తెరుచుకుంటుంది. నాళాలు కలిసిపోయాక చాలామందిలో దీనికి పెద్దగా పని ఉండదు.

ఇన్ని మలుపులున్న ప్రయాణంలో ఎక్కడైనా తేడా రావచ్చు. చిన్న మొగ్గ సరిగ్గా తిరగక పేగు చుట్టూ కట్టులా ఉండిపోతే అది ఉంగరం క్లోమం, అంటే యాన్యులర్ ప్యాంక్రియాస్. మొగ్గలు అతుక్కున్నా నాళాలు కలవకపోతే డివైజమ్. క్లోమ నాళం, పిత్తనాళం పేగు గోడలోకి చేరకముందే, బయటే కలిసిపోతే అది ఇంకో రకం. వెనక మొగ్గ అసలు పెరగకపోవడం కూడా ఉంటుంది గానీ, అది చాలా అరుదు. అక్కడ నొప్పి కంటే మధుమేహమే ముందు బయటపడవచ్చు, ఎందుకంటే ఇన్సులిన్ తయారు చేసే కణాల్లో ఎక్కువ భాగం ఆ మొగ్గ నుంచి వచ్చే భాగంలోనే ఉంటాయి.

వీటన్నింటిలో ఎక్కువగా కనబడేది డివైజమే. జనాభాలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి అది ఉంటుంది. అంటే ఈ వ్యాసం చదివే ప్రతి ఇరవై మందిలో ఒకరికో ఇద్దరికో ఉండవచ్చు. వాళ్లలో 95 శాతం మందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. వేరే పని మీద స్కాన్ తీయిస్తే తప్ప తమకు అది ఉందన్న సంగతే తెలియదు. నా వాదనకు పునాది ఈ లెక్కే. ఇంతమంది ఆరోగ్యవంతుల్లో ఉన్న తేడా జబ్బు మనిషిలో కూడా కనబడితే, అది యాదృచ్ఛికంగా కనబడి ఉండవచ్చని ముందు అనుకోవాలి.

అవతలి వాదన తేలిగ్గా తోసిపారేసేది కాదు. క్లోమం రోజుకు లీటరు పైగా జీర్ణరసం తయారు చేస్తుంది. డివైజమ్ ఉన్నవాళ్లలో దాదాపు ఆ రసమంతా చిన్న ద్వారం గుండానే బయటికి రావాలి. అంత ప్రవాహానికి ఆ ద్వారం చాలకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, రసం నిలిచిపోతుంది, క్లోమం వాస్తుంది. 1980లో పీటర్ కాటన్ అనే డాక్టర్ ఈ వాదనను అంకెలతో ముందుకు తెచ్చారు. పిత్తనాళ సమస్యలతో వచ్చినవాళ్లలో డివైజమ్ 3.6 శాతం మందికే ఉంటే, కారణం తెలియని ప్యాంక్రియాటైటిస్‌తో, అంటే క్లోమం వాపుతో వచ్చినవాళ్లలో 25 శాతానికి పైగా ఉందని ఆయన చూపించారు. కొందరు రోగుల్లో ఆ చిన్న ద్వారం దగ్గర నాళం బుడగలా ఉబ్బి ఉంటుంది. మరికొందరిలో క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ (దీర్ఘకాలిక వాపు) మార్పులు, అంటే నాళం వెడల్పవడం, మచ్చకట్టడం, రాళ్లు చేరడం, అన్నీ వెనక మొగ్గ నుంచి వచ్చిన భాగానికే పరిమితమై, ముందు మొగ్గ భాగం శుభ్రంగా ఉంటుంది. డివైజమ్‌ను తప్పుపట్టేవాళ్ల చేతిలో ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. అలాంటి స్కాన్ చూస్తే నేను కూడా కాదనను.

కానీ అలాంటి స్కాన్లు తక్కువ. ఎక్కువమందిలో ఉబ్బిన నాళం లేదు, నిలిచిన రసం లేదు, విడివిడి నాళాలు మాత్రమే ఉన్నాయి. వాళ్ల సంగతేమిటి?

దానికి జవాబు 2012లో బెర్తాన్, సహచరులు ఫ్రాన్స్ నుంచి ప్రచురించిన పరిశోధనలో ఉంది. వాళ్లు రోగులను జబ్బు కారణాన్ని బట్టి విడదీసి డివైజమ్ ఎంతమందిలో ఉందో చూశారు. క్లోమ జబ్బు లేనివాళ్లలో 7 శాతం. మద్యం వల్ల ప్యాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లలో కూడా 7 శాతమే. ఏ కారణమూ దొరకనివాళ్లలో 5 శాతం. డివైజమ్ ఒక్కటే కారణమైతే ఈ మూడో అంకె అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి, కానీ లేదు. అదే జన్యుమార్పులు ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోయింది. పీఆర్ఎస్ఎస్1, స్పింక్1 జన్యువుల్లో మార్పులున్నవాళ్లలో 16 శాతం. సీఎఫ్‌టీఆర్ జన్యువులో మార్పులున్నవాళ్లలో ఏకంగా 47 శాతం.

ఈ అంకెలు చదివాక నేను ఈ జబ్బును చూసే తీరు మారింది. సీఎఫ్‌టీఆర్ అనేది క్లోమ నాళాల గోడల్లో ఉండే కాలువ లాంటి ప్రొటీన్‌ను తయారు చేసే జన్యువు. రసంలోకి క్లోరైడ్, బైకార్బొనేట్, వాటి వెంట నీరు చేరడానికి అది అవసరం. అది సరిగ్గా పనిచేయకపోతే రసం చిక్కబడుతుంది. ఇరుకు గుమ్మం గుండా వరసలో నడిచి వెళితే అందరూ సాఫీగా బయటపడతారు, తోసుకుంటే ఇరుక్కుపోతారు. పల్చటి రసానికి చిన్న ద్వారం సరిపోతుంది, చిక్కటి రసానికి చాలదు. డివైజమ్ ఒంటరిగా ఉన్నప్పుడు నిరపాయం, ఈ జన్యుమార్పుతో కలిసినప్పుడు ప్రమాదం. మిగతా రెండు జన్యువుల కథ వేరు. క్లోమంలో తయారయ్యే ట్రిప్సిన్ మాంసకృత్తులను కరిగించే ఎంజైమ్. పేగులోకి చేరాకే అది పనిలోకి దిగాలి. పొరపాటున క్లోమంలోనే మేలుకుంటే, క్లోమం తనను తానే జీర్ణించుకోవడం మొదలుపెడుతుంది. 1996లో గుర్తించిన పీఆర్ఎస్ఎస్1 మార్పు వల్ల ట్రిప్సిన్ తనంతట తాను విచ్ఛిన్నం కావలసిన చోట కాకుండా ఉండిపోతుంది. స్పింక్1 ట్రిప్సిన్‌ను అదుపు చేసే ప్రొటీన్. దాంట్లో మార్పు వస్తే ఆ అదుపు తప్పుతుంది.

స్పింక్1లో బాగా తెలిసిన మార్పు ఉన్నవాళ్లలో కూడా అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారన్నది మర్చిపోకూడదు. అంటే అది కూడా ఒక్కటే ఉంటే చాలదు. క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ చాలామందిలో ఇలాగే వస్తుంది. ఒక చిన్న లోపం, దానికి తోడు మరో చిన్న లోపం, పైన పొగాకో మద్యమో. విడివిడిగా ఏదీ మనిషిని పడగొట్టలేకపోవచ్చు. ఇలాంటి జబ్బులో స్కాన్‌లో కంటికి కనబడేదాని మీదే నేరం మోపి, కనబడని వాటిని వదిలేస్తే సగం కథే తెలుస్తుంది.

ఇక కోత సంగతి. చిన్న ద్వారానికి ఎండోస్కోపీతో చిన్న కోత పెట్టడం లేదా స్టెంట్, అంటే సన్నటి గొట్టం వేయడం దశాబ్దాలుగా జరుగుతోంది. ఎంతోమంది డాక్టర్లు తమ రోగులకు మేలు జరిగిందని చెబుతారు. వాళ్ల నిజాయితీని నేను శంకించను. కానీ ఈ జబ్బు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు తగ్గుతుందో తెలియనిది. ఒక ఏడాది వరసగా నొప్పి వస్తుంది, తర్వాత కొంతకాలం ఏమీ ఉండదు. మనుషులు ప్రొసీజర్‌కు ఒప్పుకునేది ఎప్పుడు? భరించలేనంత పాడుగా గడిచిన ఏడాది తర్వాత. ఆ తర్వాతి ఏడాది ఏ వైద్యం చేయకపోయినా కొంచెం మెరుగ్గానే ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పోల్చి చూసే ట్రయల్స్ కావాలి. 1992లో వచ్చిన ఒక ట్రయల్ స్టెంట్ వల్ల చాలా మేలుందని చూపింది, కానీ అందులో ఉన్నది 19 మంది మాత్రమే. అంత చిన్న ట్రయల్ మీద ఆధారపడి ఇన్నేళ్లు గడిచాయి. ఇటీవల షార్ప్ అనే ట్రయల్ 148 మంది డివైజమ్ రోగులతో జరిగింది. కొందరికి నిజంగా కోత పెట్టారు, మిగతావాళ్లకు మత్తిచ్చారు గానీ కోత పెట్టలేదు. ఎవరికి ఏం చేశారో రోగులకు చెప్పలేదు. కోత పెట్టినవాళ్లలో మళ్లీ ప్యాంక్రియాటైటిస్ రావడం, పెట్టనివాళ్లతో పోలిస్తే నమ్మకంగా చెప్పగలిగినంతగా తగ్గలేదు.

ఈ కోత ఉచితంగా వచ్చేది కూడా కాదు. డబ్బు సంగతి కాదు నేను అంటున్నది. ఎండోస్కోపీతో క్లోమ నాళంలోకి వెళ్లడమే కొందరిలో ప్యాంక్రియాటైటిస్ తెచ్చిపెడుతుంది. చిన్న ద్వారం దగ్గర ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కోసిన చోట మచ్చకట్టి ద్వారం మళ్లీ ముడుచుకుపోవచ్చు, అప్పుడు మరోసారి కోయాలి. ఎక్కువ కాలం ఉంచిన స్టెంట్ నాళం గోడలనే దెబ్బతీసి, ఏ మచ్చలను ఆపడానికి వేశారో ఆ మచ్చలనే తేగలదు. ఇంత ముప్పు పెట్టుకుని చేసే పనికి "స్కాన్‌లో కనబడింది" అన్నది చాలినంత కారణం కాదు.

ఇప్పుడు రెండోవైపు మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ నా గొంతు పూర్తిగా మారుతుంది. క్లోమ నాళం, పిత్తనాళం పేగు గోడ బయటే కలిసిపోయే లోపాన్ని డివైజమ్‌తో కలిపి ఒకే పేరాలో రాసేస్తుంటారు. నాకది ప్రమాదకరంగా అనిపిస్తుంది. మామూలుగా ఈ రెండు నాళాల కలయికను పేగు గోడలోని బిగింపు కండరం అదుపు చేస్తుంది. కలయిక బయటే జరిగిపోతే ఆ కండరం అదుపు అక్కడికి చేరదు. క్లోమ నాళంలో ఒత్తిడి పిత్తనాళంలో కంటే ఎక్కువ కాబట్టి జీర్ణరసం పైకి, పిత్తనాళంలోకి ఎగదన్నుతుంది. పిల్లల్లో ఆ పొడవైన ఉమ్మడి నాళంలో ప్రొటీన్ ముద్దలు అడ్డుపడి మళ్లీ మళ్లీ ప్యాంక్రియాటైటిస్ వస్తుంది. చాలామందిలో పిత్తనాళం తిత్తిలా ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి ఆ రసం తాకిడికి పిత్తాశయం, పిత్తనాళం గోడలు దెబ్బతిని క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా రెట్లు పెరుగుతుంది. తూర్పు ఆసియాలో ఇది ఎక్కువ. అందుకే జపాన్ డాక్టర్లు దీని మీద ఎంతో పని చేశారు. ఇక్కడ చూద్దాం, ఆగుదాం అనకూడదు. పిత్తనాళం ఉబ్బి ఉంటే ఆ భాగాన్నీ పిత్తాశయాన్నీ తీసేసి, కాలేయం నుంచి వచ్చే పిత్తాన్ని నేరుగా పేగులోకి కలుపుతారు. ఉబ్బకపోయినా పిత్తాశయాన్ని ముందుజాగ్రత్తగా తీసేయమంటారు. నొప్పి తగ్గింది కదా అని ఆ ఆపరేషన్‌ను వాయిదా వేసే కుటుంబాలను చూస్తే నాకు భయం వేస్తుంది.

ఉంగరం క్లోమం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 1818లో టీడెమాన్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించారు. పుట్టగానే పేగుకు అడ్డుపడితే పసిబిడ్డ వాంతులు చేసుకుంటుంది, ఆపరేషన్ తప్పదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. పెద్దయ్యేవరకు బయటపడనివాళ్లలో నొప్పి, పుండ్లు, ప్యాంక్రియాటైటిస్ కనబడవచ్చు, అసలు ఏమీ కనబడకపోవచ్చు కూడా. ఉంగరం క్లోమం ఉన్న పెద్దవాళ్లలో సుమారు మూడోవంతు మందికి డివైజమ్ కూడా తోడుంటుంది. ఆపరేషన్ చేసినా ఆ ఉంగరాన్ని కోయరు, ఎందుకంటే దాని లోపల నాళం ఉంటుంది, కోస్తే రసం లీకవుతుంది. పేగుకు పక్కదారి వేస్తారు.

ఈ మూడింటికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది? పుట్టుక లోపం అన్న ఒక్క మాట కింద డివైజమ్‌ను చూసి భయపడేవాళ్లూ, నాళాల తప్పు కలయికను చూసి నిదానించేవాళ్లూ తయారవుతున్నారు. జరగాల్సింది సరిగ్గా తలకిందులు.

తాగుడు ప్రశ్న గురించి కొంచెం కోపంగానే రాస్తాను. డాక్టర్ ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు, అడగాలి కూడా. పొగాకు గురించి కూడా అంతే గట్టిగా అడగాలి, ఎందుకంటే సిగరెట్ తనంతట తానే క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ ముప్పు పెంచుతుంది. దాన్ని మాత్రం చాలామంది అడగను కూడా అడగరు. తప్పు ఎక్కడంటే జవాబును నమ్మకపోవడంలో. పదిహేనేళ్ల మా చెల్లెలు లేదని చెబితే, తల్లిని బయటికి పంపి మళ్లీ అదే ప్రశ్న అడిగారు. అప్పుడూ లేదంటే ఫైల్లో ప్రశ్నార్థకం పెట్టారు. ఆ గుర్తు తర్వాత చూసిన ప్రతి డాక్టరూ చదివారు. ఇలాంటి అనుమానం నుంచి బయటపడటానికి రోగులకు ఏదో ఒక కారణం కావాలి, స్కాన్‌లోని డివైజమ్‌ను గట్టిగా పట్టుకునేది అందుకే. నా అభిప్రాయంలో ఇది రోగుల తప్పు కాదు. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, కారణం ఇంకా వెతుకుదాం" అని ఒక్కరు అన్నా, ఇంత తొందరగా ప్రొసీజర్ వైపు పరుగెత్తే అవసరం ఉండదు.

కారణం వెతకడమంటే ఏమిటో మాకు ఆలస్యంగా తెలిసింది, మీకు ముందే తెలియాలని రాస్తున్నాను. చిన్న వయసులో, తాగుడు లేకుండా మళ్లీ మళ్లీ ప్యాంక్రియాటైటిస్ వస్తే డివైజమ్ కనబడిందన్న తృప్తితో ఆగకండి. రక్తంలో కాల్షియం, ట్రైగ్లిజరైడ్స్ చూశారా? పిత్తాశయంలో మామూలు స్కాన్‌కు దొరకని సన్నటి రాళ్లు, మడ్డి ఉన్నాయేమో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో చూశారా? శరీరమే క్లోమం మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ రకం కాదని తేల్చారా? జన్యు పరీక్ష చేశారా? క్లోమ రసం ఊరేలా చేసే సెక్రెటిన్ అనే హార్మోన్ ఇచ్చి తీసిన ఎమ్మార్సీపీలో (నాళాలను చూపే ఎమ్మారైలో) రసం నిజంగా చిన్న ద్వారం దగ్గర నిలుస్తోందా, నాళం ఉబ్బుతోందా? ఈ చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చి, మిగతా కారణాలేవీ కావని తేలాక, కోత గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. అప్పుడు కూడా మేలు ఖాయం కాదని తెలిసే ఒప్పుకోవాలి.

జన్యు పరీక్ష అనగానే "తెలిసి ఏం చేస్తాం, జన్యువును మార్చలేం కదా" అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా అదే అన్నారు. చాలా చేయవచ్చు. పీఆర్ఎస్ఎస్1 మార్పు ఉంటే క్లోమ క్యాన్సర్ ముప్పు వయసుతో పెరుగుతుంది కాబట్టి ఎప్పటినుంచి, ఎలా గమనిస్తూ ఉండాలో డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవచ్చు. అది తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి నుంచి వచ్చినా చాలు, కాబట్టి తోబుట్టువులకూ పిల్లలకూ సంబంధించిన విషయం. సీఎఫ్‌టీఆర్ మార్పులుంటే ఊపిరితిత్తులు, సైనస్‌లు, మగవాళ్లలో సంతానం విషయం కూడా చూడాలి. అన్నిటికంటే ముందు, చిన్న ద్వారాన్ని కోసినా లోపలి అసలు సమస్య అలాగే ఉంటుందని తెలుస్తుంది. నొప్పి ఏ మందులకూ లొంగకుండా జీవితాన్ని నాశనం చేస్తున్న కొద్దిమందికి మొత్తం క్లోమం తీసేసి, అందులోని ఇన్సులిన్ కణాలను వేరు చేసి వాళ్ల కాలేయంలోకే ఎక్కించే ఆపరేషన్ ఉంది. 1977 నుంచి చేస్తున్నారు. అంత పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడు జన్యు ఫలితం చేతిలో ఉండటం చాలా అవసరం.

మా చెల్లెలి జన్యు ఫలితంలో సీఎఫ్‌టీఆర్ మార్పు ఒకటి ఉందని వచ్చింది. సెక్రెటిన్ స్కాన్‌లో నాళం ఉబ్బలేదు. కోత వద్దనుకుంది, నిర్ణయం తనదే. ఇప్పుడు భోజనంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకుంటోంది, కొవ్వులో కరిగే విటమిన్లు, ఎముకల బలం, షుగర్ క్రమం తప్పకుండా చూపించుకుంటోంది. నొప్పి పూర్తిగా పోలేదు. మరో స్కాన్‌లో నాళం వెడల్పు మారితే కోత గురించి మళ్లీ ఆలోచిస్తానని డాక్టర్‌కు చెప్పింది. ఆయన కూడా సరేనన్నారు.